రోజువారీ ప్రయాణానికి సెకండ్ హ్యాండ్ స్కూటర్: 2018 యాక్టివా తీసుకోవాలా, 2021 జూపిటర్ తీసుకోవాలా?

ప్రశ్న (పటమట, విజయవాడ)

అందరికీ నమస్కారం. నేను పటమటలో ఉంటాను, ఉద్యోగం మంగళగిరిలో. ఇప్పటివరకు ఇంటి నుంచి బెంజ్ సర్కిల్ దాకా ఆటోలో, అక్కడి నుంచి బస్సులో, మంగళగిరిలో దిగిన తర్వాత మళ్లీ ఆటోలో వెళ్తున్నాను. సాయంత్రం పని ముగిసేసరికి ఆలస్యమైన రోజుల్లో ఇల్లు చేరడం చాలా కష్టంగా ఉంటోంది. అందుకే సొంతంగా ఒక స్కూటర్ తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. కొత్తది కొనాలంటే రోడ్డు మీదకు వచ్చేసరికి లక్ష రూపాయల దాకా అవుతుందంటున్నారు. అంత పెట్టలేను కాబట్టి సెకండ్ హ్యాండ్ బండ్లనే చూస్తున్నాను. రాను పోను కలిపి రోజుకు 30 కిలోమీటర్ల లోపు ప్రయాణం ఉంటుంది. ఆదివారాల్లో అమ్మను వెనుక కూర్చోబెట్టుకుని వెళ్లవలసి వస్తుంది. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం.

ప్రస్తుతం రెండు బండ్లు నా దృష్టిలో ఉన్నాయి. మొదటిది మా నాన్నగారి సహోద్యోగి వాడుతున్న 2018 హోండా యాక్టివా. 31 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆయనే మొదటి యజమాని. సర్వీసు బిల్లులు చాలావరకు దాచి ఉంచారు. 40 వేలు అడుగుతున్నారు. రెండవది పాత వాహనాలు అమ్మే ఒక దుకాణంలో ఉన్న 2021 టీవీఎస్ జూపిటర్. మీటరులో 14 వేల కిలోమీటర్లు ఉన్నాయి, చూడటానికి కొత్తదానిలా మెరుస్తోంది. 55 వేలు చెబుతున్నారు, కాస్త తగ్గిస్తామని కూడా అంటున్నారు. ఆర్‌సీ ఇంకా మొదటి యజమాని పేరు మీదే, సింగ్‌నగర్ చిరునామాతో ఉంది. పేరు మార్పిడి సంగతి తామే చూసుకుంటామని, బయానాగా 5 వేలు కడితే బండిని పక్కన పెడతామని దుకాణంవారు చెప్పారు.

అన్ని ఖర్చులూ కలిపి నేను పెట్టగలిగింది 60 వేలు మాత్రమే. మూడేళ్లు తక్కువ వయసున్న బండి కాబట్టి జూపిటర్ వైపే మనసు మొగ్గుతోంది. కొనే ముందు ఏమేమి చూసుకోవాలో, కొన్న తర్వాత రోజూ నడపడంలో దేని మీద శ్రద్ధ పెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


మొదటి జవాబు (స్కూటర్ మెకానిక్, ఆటోనగర్)

అమ్మా, ధర, మోడల్ సంగతి తర్వాత చూద్దాం. మీరు రాసినదాంట్లో అన్నిటికంటే ముందు ఆలోచించవలసింది ఆర్‌సీ మీద ఉన్న సింగ్‌నగర్ చిరునామా. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్ల ముందు నిలిపిన బండ్లు రోజుల తరబడి బురద నీళ్లలో ఉండిపోయాయి. ఆ ప్రాంతంలోని ప్రతి బండీ మునిగిందని నేను అనను. మునిగినవాటిని కూడా శ్రద్ధగా పూర్తిగా విప్పించి బాగు చేయించుకున్నవారు ఎందరో ఉన్నారు. అయితే పైపైన కడిగి, ఆయిలు, ప్లగ్గు మార్చి, మెరుగు పెట్టి అమ్మేసిన బండ్లు కూడా ఊళ్లో తిరుగుతున్నాయి. అటువంటి బండి కొన్ని నెలల పాటు ఏ ఇబ్బందీ పెట్టదు. లోపల తడిసిన వైరింగులో కనెక్టర్లు పచ్చబడి, చిలుము పట్టి, ఒక రోజు సెల్ఫ్ పని చేయకుండా, ఇంకొక రోజు ఉన్నట్టుండి దారిలో ఆగిపోయి, అప్పుడు మొదలవుతుంది అసలు బాధ. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) బండ్లలో పెట్రోలు ఎంత పోవాలో నిర్ణయించే ఎలక్ట్రానిక్ యూనిటూ, దానికి సమాచారం ఇచ్చే సెన్సర్లూ ఉంటాయి. తడి తగిలిన వైరింగుతో వాటికి పొత్తు కుదరదు. లోపం ఎక్కడుందో వెతకడానికే పూటలు పడుతుంది, యూనిట్ పోతే మార్చడానికి వేలు అవుతుంది.

కాబట్టి ఆ జూపిటర్‌కు బయానా కట్టకముందే కొన్ని భాగాలు విప్పి చూపించమని అడగండి. సీటు కింద డిక్కీ పెట్టెను పైకి తీయిస్తే ఫ్రేము లోపలి వైపు, వైర్ల ముడి, కనెక్టర్లు కనబడతాయి. కనెక్టర్ ఒకటి రెండు ఊడదీసి లోపలి పిన్నులు చూడండి. మెరుస్తూ శుభ్రంగా ఉండాలి. పచ్చని పొడి ఉంటే అది నీళ్లలో నిలిచిన బండేమోనని గట్టిగా అనుమానించాలి. ఎడమ వైపు కిక్కు ఉన్న పెద్ద కవరు విప్పితే బెల్టు ఉండే గది వస్తుంది. ఆ కవరు లోపలి గట్ల మూలల్లో మామూలుగా బెల్టు అరిగిన నల్లని పొడి ఉంటుంది. అక్కడ ఎండి పొరలుగా అంటుకున్న మట్టి కనబడితే ఇక వేరే సాక్ష్యం అక్కరలేదు. బయట ఎంత కడిగినా ఆ మూలలు ఎవరూ కడగరు. హెడ్‌లైటు గాజు లోపల నీటి మట్టం గీతలా మిగిలిందేమో, సీటు ఫోము బరువెక్కి వాసన వస్తోందేమో కూడా చూడండి. తాళం తిప్పగానే మీటరులో ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు దీపం వెలగాలి, బండి స్టార్ట్ అయిన తర్వాత ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే దాన్ని ఎవరో పని చేయకుండా చేశారని అనుమానించాలి. ఇవన్నీ చూపించడానికి దుకాణంవారు ఒప్పుకోకపోతే, ఆ బండిని అక్కడే వదిలేసి రావడం మంచిది.

ఇక యాక్టివా సంగతి. ఏడేళ్లకు 31 వేల కిలోమీటర్లు అంటే నమ్మదగిన అంకెలే. అయినా మీటరును ఒక్కదాన్నే నమ్మకుండా, బిల్లుల మీద తేదీ పక్కన రాసిన కిలోమీటర్లు వరుసగా పెరుగుతూ వచ్చాయో లేదో చూడండి. యాక్సిలరేటర్ పట్టు రబ్బరు, బ్రేకు లీవర్ల చివరలు, కాళ్లు పెట్టే చోట మ్యాటు ఎంత అరిగాయో చూసినా బండి తిరిగిన దూరం తెలుస్తుంది. 14 వేలు తిరిగిన బండికి పట్టు రబ్బరు నున్నగా అరిగిపోదు, ఆ జూపిటర్‌కు కూడా ఈ పరీక్ష చేయండి.

గేర్లు లేని స్కూటర్‌లో ఎక్కువమంది పట్టించుకోనిది బెల్టు. ముందు పుల్లీలో రోలర్లు ఉంటాయి. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ అవి బయటికి జరిగి పుల్లీని నొక్కుతాయి, దాంతో బెల్టు పైకి జరిగి, వెనుక పుల్లీలో లోపలికి దిగి, మనం గేరు మార్చకుండానే గేరు మారినట్టు అవుతుంది. రోలర్లు ఒక వైపు చదునుగా అరిగితే బండి ఎత్తుకునేటప్పుడు వణుకుతుంది. ఇంజన్ శక్తిని వెనుక చక్రానికి అందించే క్లచ్ షూలు గట్టిపడి మెరుపెక్కితే గుంజి వదులుతుంది. బెల్టు పక్కలు అరిగితే ఇంజన్ అరుస్తుంది గానీ బండి వేగం అందుకోదు. ఈ మూడూ తెలియాలంటే వెనుక ఒక మనిషిని కూర్చోబెట్టుకుని బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కించి చూడండి, సమతలం మీద తెలియని లోపం అక్కడ బయటపడుతుంది. 20 నుంచి 25 వేల కిలోమీటర్ల మధ్య బెల్టు మార్చాలని మేము చెబుతాం. 31 వేలు తిరిగిన బండికి మార్చిన బిల్లు లేకపోతే, కొన్న రోజే మార్చించాలని లెక్క వేసుకోండి. బెల్టు తెగితే బండి అక్కడికక్కడే ఆగిపోతుంది, హైవే మీద చీకటి పడ్డాక అది మీకు వద్దు.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజన్ దగ్గర చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూసుకోండి. చల్లని ఇంజన్‌ను స్టార్ట్ చేసిన వెంటనే సైలెన్సర్ నుంచి నీలం పొగ కాసేపు వచ్చి ఆగితే వాల్వు సీళ్లు పోయినట్టు. వేడెక్కిన తర్వాత కూడా యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా వస్తుంటే రింగులు, బోరు పని, అంటే ఇంజన్ విప్పి చేసే పెద్ద రిపేరు ఉన్నట్టు. పొగ అలా వస్తూనే ఉంటే ఆ బండి వదిలేయండి. తర్వాత మెయిన్ స్టాండు వేసి, ముందు చక్రం గాలిలోకి లేచేలా వెనుక ఎవరినైనా నొక్కమని, హ్యాండిల్‌ను మెల్లగా ఇటూ అటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో గుంటలో పడ్డట్టు ఆగితే స్టీరింగ్ కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) మార్చాలి. అది పెద్ద ఖర్చు కాదు, బేరానికి పనికొస్తుంది.

టైర్ల పక్క గోడ మీద గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని అర్థం. ఆ యాక్టివా టైర్ల మీద 2018 నాటి అంకెలే ఉంటే ఇప్పటికీ కంపెనీ టైర్లే ఉన్నాయన్నమాట. టైరు గాడులు లోతుగా కనబడినా విజయవాడ ఎండలకు అంత పాత రబ్బరు గట్టిపడి, వాన పడినప్పుడు పట్టు ఇవ్వదు. మార్చాల్సిందే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అడిగిన ధరను బట్టి కాకుండా, ధరకు మొదటి నెలలో చేయించవలసిన పనుల ఖర్చు కలిపి రెండు బండ్లనూ పోల్చాలి. యాక్టివాకు బెల్టు, రోలర్లు, రెండు టైర్లు, బ్యాటరీ, ఇంజన్ ఆయిలు, వెనుక గేరు ఆయిలు, ఎయిర్ ఫిల్టరు అన్నీ మార్చినా 7, 8 వేలలో సరిపోతుంది. ఆ తర్వాత ఆ బండి గురించి మీకు తెలియనిది పెద్దగా ఏమీ మిగలదు. జూపిటర్ మంచి బండే, అందులో సందేహం లేదు. కానీ ఈ జూపిటర్ ఎక్కడెక్కడ తిరిగిందో, ఎందుకు అమ్మారో చెప్పేవారు లేరు.


రెండవ జవాబు (తాడేపల్లి నుంచి)

మెకానిక్ గారు చెప్పిన పరీక్షలన్నీ సరైనవే. అయితే ఈ రోడ్డు మీద రోజూ నడుపుతున్న మనిషిగా ఒక విషయంలో ఆయనతో విభేదిస్తున్నాను. బాగున్న బండి దొరికితే 2018 యాక్టివా కంటే 2021 జూపిటరే ఈ ప్రయాణానికి తగినది. 2018 యాక్టివాకు రెండూ 10 అంగుళాల చక్రాలు, ముందు షాక్ అబ్జార్బర్ పాత పద్ధతిది. టెలిస్కోపిక్ ఫోర్కు (ఒకదానిలో ఒకటి జారే గొట్టాలతో కుదుపును తగ్గించేది), ముందు 12 అంగుళాల చక్రం యాక్టివాలో 2020లో 6జీ మోడల్‌తో వచ్చాయి. జూపిటర్‌కు రెండు చక్రాలూ 12 అంగుళాలవే, ముందు టెలిస్కోపిక్ ఫోర్కు ఉంటుంది. గుంతలో పడ్డప్పుడు, కృష్ణ మీది వారధిపై అతుకులు దాటేటప్పుడు ఈ తేడా చేతుల్లో తెలుస్తుంది. మరొక చిన్న విషయం, రోజూ వాడేవారికి అది చిన్నది కాదు: ఆ యాక్టివాకు పెట్రోలు మూత సీటు కింద ఉంటుంది. బంకులో ప్రతిసారీ దిగి, సీటు లేపి, డిక్కీలోని సామాను వానలో తడవకుండా చూసుకోవాలి. జూపిటర్‌కు మూత బయటే ఉంటుంది. అందుచేత ఆ దుకాణంలోని బండి బాగా లేకపోతే ఇంకొన్నాళ్లు ఆగి మరొక జూపిటర్‌నో, 6జీనో వెతకమని నా సలహా.

ఎత్తు విషయంలో భయపడవద్దు. రెండిటి సీటూ మీ ఎత్తుకు అందేదే. కానీ కూర్చుని కాళ్లు ఆనాయా అని మాత్రమే చూసి వచ్చేయకండి. ఈ బండ్లు 100 కిలోలకు పైబడి ఉంటాయి. మెయిన్ స్టాండు మీద నుంచి దించడం, వేయడం, ఇరుకు పార్కింగులో వెనక్కి లాగడం మీ అంతట మీరు చేసి చూడండి. స్టాండు వేసేటప్పుడు చేతులతో ఎత్తకూడదు. కుడి కాలితో స్టాండు పెడల్‌ను నేలకు నొక్కి శరీరం బరువంతా దాని మీద వేస్తే బండే వెనక్కి జరిగి ఎక్కుతుంది. అంత చేసినా ఎక్కకపోతే స్టాండు వంగి ఉందని గ్రహించాలి.

దారి గురించి. వారధి మీదుగా జాతీయ రహదారిలో వెళ్తే దూరం సూటిగా ఉంటుంది గానీ లారీల పక్కన నడపాలి. కృష్ణ మీద అడ్డగాలి వీచినప్పుడు తేలికపాటి బండి పక్కకు జరుగుతుంది. అటువంటప్పుడు హ్యాండిల్‌ను బిగించి పట్టుకోకుండా వేగం తగ్గించి ఎడమ వైపే నడపాలి. మొదటి నెల మీకు చెయ్యి కుదిరేదాకా ప్రకాశం బ్యారేజీ మీదుగా సీతానగరం, తాడేపల్లి మార్గంలో రావడం మేలు. కాస్త దూరం ఎక్కువైనా, ఉదయం రద్దీ ఉన్నా, అక్కడ వేగాలు తక్కువ. నేను ఇప్పటికీ వాన రోజుల్లో ఆ దారినే వస్తాను.

టైర్లలో గాలి సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. చాలా చోట్ల గాలి పట్టే అబ్బాయిలు అడగకుండానే రెండు చక్రాలకూ 35, 40 పీఎస్‌ఐ (గాలి పీడనం కొలత) కొట్టేస్తారు. బండి ఉరికినట్టు అనిపిస్తుంది గానీ, ఇసుక మీద, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే జారుతుంది. యాక్టివాకు ముందు చక్రానికి 22, ఒక్కరే ఉన్నప్పుడు వెనుక చక్రానికి 29 ఉంటే చాలు. అమ్మగారిని ఎక్కించుకునే రోజు వెనుక చక్రానికి 36 పెట్టించండి. ఏ బండి కొన్నా దాని పుస్తకంలో ఉన్న అంకెలు చూసి, నోటితో చెప్పి మరీ కొట్టించుకోండి. వారానికి ఒకసారి ఈ పని చేస్తే టైర్లూ నిలుస్తాయి, మైలేజీ కూడా ఇస్తుంది. మీ ప్రయాణం నెలకు సుమారు 650 కిలోమీటర్లు అనుకుని, లీటరుకు 45 వస్తుందనుకుంటే, 14, 15 లీటర్ల పెట్రోలు అవుతుంది. ఆ లెక్కన సుమారు 1,600 రూపాయలు. ఆటోకూ బస్సుకూ పెడుతున్నదానితో మీరే పోల్చుకోండి. దానికి తోడు నెలకు 500 రూపాయలు సర్వీసు కోసం పక్కన పెట్టండి.

హెల్మెట్ మీ తలకు సరిపోయేది, ఐఎస్‌ఐ ముద్ర ఉన్నది కొత్తదే కొనండి. అమ్మగారికి కూడా ఒకటి కొనండి. బండితో పాటు పాత హెల్మెట్ ఉచితంగా ఇస్తామంటే తీసుకోవద్దు. అది ఎప్పుడు కింద పడిందో ఎవరికీ తెలియదు.


మూడవ జవాబు (వాహన బీమా పని చేసేవాడిని, గుంటూరు)

బండి గురించి పెద్దలు చెప్పారు. నేను కాగితాల గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే దుకాణంవారు చెప్పిన ‘పేరు మార్పిడి మేమే చూసుకుంటాం’ అనే మాట దగ్గరే ఎక్కువమంది నష్టపోతున్నారు.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో బండి అమ్మినవారు 14 రోజుల్లోగా, కొన్నవారు 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి. ఇందుకు ఫారం 29 (అమ్మకం సంగతి తెలిపేది), ఫారం 30 (పేరు మార్పిడికి దరఖాస్తు) ఉంటాయి. ఆర్‌సీలో పేరు మారేదాకా చట్టం దృష్టిలో పాత యజమానే యజమాని. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రికార్డులో పేరున్న వ్యక్తిదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది. అందుచేత త్వరగా పేరు మార్చుకోవాలన్న తొందర మీకెంత ఉండాలో, మీ నాన్నగారి సహోద్యోగికి అంతకంటే ఎక్కువ ఉండాలి. ఆయనకు ఈ విషయం మర్యాదగా చెప్పండి, సంతకాలకు ఆలస్యం చేయరు.

పాత వాహనాల వ్యాపారులకు 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. వ్యాపారి రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలి. యజమాని బండిని అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా ఆ సంగతి శాఖకు తెలపాలి. ఆ రెండూ చూపించమని దుకాణంవారిని అడగండి. చూపించలేకపోతే, మొదటి యజమాని స్వయంగా వచ్చి మీ ఎదుట సంతకం చేస్తేనే డబ్బు ఇవ్వండి. తేదీ, కొనుగోలుదారు పేరు ఖాళీగా ఉంచి ముందే సంతకం చేయించిన ఫారాలతో బండి చేతులు మారితే, మధ్యలో అది ఎందరి చేతుల్లో ఎన్నాళ్లు తిరిగిందో ఎక్కడా నమోదు కాదు.

కేంద్ర రవాణా శాఖవారి ఎమ్‌పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూడండి. రిజిస్ట్రేషన్ తేదీ, బీమా గడువు, కాలుష్య ధ్రువపత్రం గడువు, అప్పు ఇచ్చిన సంస్థ పేరు అందులో ఉంటాయి. అప్పు ఇచ్చిన సంస్థ పేరు ఇంకా కనిపిస్తే, ఆ సంస్థ ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 (ఆర్‌సీలో అప్పు తొలగించే ఫారం) లేకుండా ముందుకు వెళ్లవద్దు. వాయిదాలన్నీ కట్టేశామని నోటితో చెప్పిన మాటకు రవాణా కార్యాలయంలో విలువ లేదు. పెండింగు చలానాలు పోలీసు శాఖ ఈ-చలానా సైటులో విడిగా చూడాలి. అవి అమ్మేవారి చేత కట్టించి, రసీదు తీసుకున్న తర్వాతే మిగతా సొమ్ము ఇవ్వండి. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో ఒక్కొక్క అంకె చొప్పున సరిచూడండి. ఛాసిస్ నంబరు మీద కాగితం ఉంచి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుంటే అంకెలు దిద్దినట్టుంటే తెలుస్తుంది. 2019 ఏప్రిల్ తర్వాతి బండికి హై సెక్యూరిటీ నంబరు ప్లేటు తప్పకుండా ఉండాలి. జూపిటర్‌కు దాని బదులు మామూలు ప్లేటు ఉంటే కారణం అడగండి.

బీమాలో రెండు భాగాలు ఉంటాయి, వాటిని కలిపి చూడకండి. 2018 సెప్టెంబరు 1 నుంచి కొన్న కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి చేశారు. 2021 బండికి 2026 దాకా బీమా ఉందని దుకాణంవారు చెబితే అది ఎదుటివారికి కలిగే నష్టానికి మాత్రమే. మీ బండికి జరిగే నష్టం, దొంగతనం కవర్ అయ్యే భాగం ఏటా కట్టేది, చాలా బండ్లకు అది ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. కొన్న 14 రోజుల్లోగా బీమా కంపెనీకి దరఖాస్తు చేసి పాలసీని మీ పేరు మీదకు మార్పించుకోండి. క్లెయిమ్ చేయనందుకు వచ్చే నో క్లెయిమ్ బోనస్ పాత యజమానికే చెందుతుంది, బండితో పాటు మీకు రాదు. ఆ మేరకు ప్రీమియం పెరుగుతుందని ముందే లెక్కలో వేసుకోండి.

ఇంకొక మాట. హైదరాబాద్ నుంచి తెచ్చిన తెలంగాణ బండి ఏదైనా చవకగా కనిపిస్తే, దానికి ఫారం 28 కింద అక్కడి ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ మళ్లీ జీవితకాల పన్ను కట్టాలి. ఆ రెండూ కలిపితే చవక మిగలదు.


నాలుగవ జవాబు (గన్నవరం)

హైవే ప్రయాణం, వెనుక మరొక మనిషి అన్నారు కాబట్టి 125 సీసీ బండి కూడా చూడవచ్చు. సుజుకి యాక్సెస్ 125 నేను సెకండ్ హ్యాండ్‌లోనే కొని వాడుతున్నాను. ఇద్దరితో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు 110 సీసీ బండికీ దీనికీ తేడా స్పష్టంగా ఉంటుంది. మీరు చెప్పిన డబ్బులో కాస్త పాతదే దొరుకుతుంది గానీ, చూడకుండా నిర్ణయం తీసుకోవద్దు.


ప్రశ్న అడిగినవారు (పటమట)

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నిన్న నాన్నగారితో కలిసి దుకాణానికి వెళ్లి డిక్కీ పెట్టె పైకి తీయమని అడిగాము. చాలాసేపు మాట్లాడిన తర్వాత ఒప్పుకున్నారు. లోపల ఫ్రేము బోల్టులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి, ఒక కనెక్టర్ ఊడదీస్తే పిన్నుల చుట్టూ పచ్చని పొడి ఉంది. వాటర్ సర్వీసు చేయించినప్పటి తడి అని చెప్పారు గానీ, ఎడమ కవరు విప్పడానికి మాత్రం ఒప్పుకోలేదు. అధికార పత్రం గురించి అడిగితే జవాబు రాలేదు. బయానా కట్టకుండా వచ్చేశాము.

ఈ రోజు పొద్దున్నే యాక్టివా చూశాము. ఇంజన్ చల్లగా ఉండగానే సెల్ఫ్‌తో వెంటనే స్టార్ట్ అయింది, పొగ లేదు. నాన్నగారిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కితే ఎత్తుకునేటప్పుడు కొద్దిగా వణికింది గానీ, తర్వాత సాఫీగా వెళ్లింది. బెల్టు మార్చిన బిల్లు లేదు. టైర్ల మీద 1118 అని ఉంది. హ్యాండిల్ మధ్యలో కొంచెం పట్టేసినట్టు ఆగుతోంది. అప్పు లేదు, చలానాలు లేవు. తాడేపల్లి నుంచి రాసిన అక్క చెప్పినట్టు ఆగి వెతకవచ్చు గానీ, పాత యజమాని ఎవరో తెలిసిన బండి నాకు మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. టైర్లు, కోన్‌సెట్ చూపించి అడిగితే 36 వేలకు ఒప్పుకున్నారు. పనులన్నీ ఒకేసారి చేయించాలా, విడతలుగా చేయించవచ్చా? ఆదివారం బండి తీసుకుంటున్నాము, ఆ రోజు ఆయనతో ఏమి రాయించుకోవాలి?


మొదటి జవాబు ఇచ్చినవారు (ఆటోనగర్)

మంచి ధరే అమ్మా. ఆ వణుకు రోలర్లదీ, క్లచ్ షూలదీ అయి ఉంటుంది, బెల్టు మార్చేటప్పుడు ఎలాగూ ఆ గది విప్పాలి కాబట్టి మూడూ ఒకేసారి చూపించండి, కూలి ఒకసారికే పోతుంది. టైర్లు, బెల్టు, కోన్‌సెట్ మంగళగిరి ప్రయాణం మొదలుపెట్టకముందే కావాలి. బ్యాటరీ పరీక్షించి, బాగుంటే ఉంచండి. ఇంజన్ ఆయిలు స్కూటర్లకు వేసే జాసో (జపాన్ ప్రమాణం) ఎంబీ గ్రేడు 10డబ్ల్యూ-30 వేయించండి, మోటారు సైకిల్‌కు వేసే ఎంఏ గ్రేడు వద్దు. వెనుక గేరు ఆయిలు చాలామంది మెకానిక్‌లు అడగందే మార్చరు, కాబట్టి గుర్తు చేసి మార్పించండి. ఆ బండి ఎయిర్ ఫిల్టరు గాలి కొట్టి మళ్లీ పెట్టే రకం కాదు, కొత్తదే వేయించాలి. విప్పిన పాత భాగాలన్నీ మీ చేతికి ఇవ్వమని ముందే చెప్పండి.


మూడవ జవాబు ఇచ్చినవారు (గుంటూరు)

ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30 మీద ఆయన సంతకాలు మీ పేరు, తేదీ నింపిన తర్వాతే తీసుకోండి. సొమ్ము బ్యాంకు ఖాతా ద్వారా పంపండి. విడిగా ఒక తెల్లకాగితం మీద బండి నంబరు, ఇంజన్, ఛాసిస్ నంబర్లు, ముట్టిన సొమ్ము, మీటరులోని కిలోమీటర్లు రాసి, బండి అప్పగించిన తేదీతో పాటు సమయం కూడా వేసి ఇద్దరూ సంతకం చేయండి. అప్పటిదాకా పడిన చలానాలు ఆయనవి, తర్వాతివి మీవి అని తేల్చడానికి ఆ సమయమే ఆధారం. ఆర్‌సీతో పాటు రెండవ తాళం చెవి, సర్వీసు పుస్తకం, పాత బీమా పాలసీ కాగితం అడిగి తీసుకోండి. ఆ యాక్టివా 2018 సెప్టెంబరుకు ముందు కొన్నదైతే దానికి మొదట్లో ఐదేళ్ల పాలసీ ఉండి ఉండదు, ఏటా కట్టి ఉండాలి. శనివారమే గడువు చూసి, ముగిసిపోయి ఉంటే ఆయన పేరు మీదే పునరుద్ధరించి ఆ తర్వాతే ఆదివారం బండి రోడ్డు మీదకు తీయండి.